నేల మీది హీటరు

రాజం బొగ్గుబాయిలో ఓవర్‌మెన్. కిందికి దిగేవాళ్ల టోపీ, లైటు, బూట్లు తనే చూసి పంపుతాడు. పైకప్పు కాస్త అనుమానంగా కనిపిస్తే చాలు, అడ్డంగా దుంగ కట్టించి, దాన్ని దాటినవాణ్ణి ఏడు తరాలు గుర్తొచ్చేలా తిడతాడు. రక్షణ వారోత్సవాల్లో ఆయన ఉపన్యాసానికి పెద్దసార్లే చప్పట్లు కొట్టారు. అంతటి మహానుభావుడి ఇంట్లో హీటరు నేల మీద ఉంటుంది.

కంపెనీ క్వార్టర్లలో కరెంటు బిల్లు భయం లేదు కదా, చాలా ఇళ్లలో ఎర్రగా కాలే కాయిల్ హీటరే పొయ్యి. దాని వైరు వంటింటి నుంచి ముందుగది ప్లగ్గు దాకా నేల మీద పాకుతుంది. ఈ మధ్య పాకడానికి దానికి తోడు దొరికింది. వాడే రాజం కొడుకు ప్రణయ్, పళ్లు కూడా సరిగా రానివాడు.

"జర ఎత్తుమీద పెట్టియ్యవయ్యా. పిలగాడు పాకుతుండు," అని భార్య వినోద ఎన్నాళ్లుగానో మొత్తుకుంటోంది.

"నేను బాయిల అంతమందిని సూస్కుంటున్న. గీ ఒక్క పోరన్ని నువ్వు సూస్కోలేవా?"

నిజమే. కాకపోతే బాయిలో వాళ్లెవరూ వైరు నోట్లో పెట్టుకోరు.

వారోత్సవాల్లో కప్పు గెలిచిన రోజు రాజం బూట్లయినా విప్పకుండా నేరుగా వంటింట్లోకి వచ్చాడు. మెడలో శాలువా, చేతిలో కప్పు. సార్లు తనను ఎంతగా పొగిడారో చెబుతుంటే, వినోద చాయ్ పొడి కోసం అటు తిరిగింది. ప్రణయ్ వైరు పట్టి లాగాడు. హీటరు కదిలి, పైనున్న చాయ్ నీళ్ల గంజు ఒరిగింది. కొడుకును రెక్క పట్టి ఎలా గుంజుకుందో ఆమెకే తెలియదు. మరిగే నీళ్లన్నీ రాజం కాళ్ల మీద పడ్డాయి.

రాజం ప్లగ్గు పీకి వచ్చి, కాళ్లు చూసుకుని నవ్వాడు.

"ఏం కాలే. బూట్లున్నయి."

వినోద ఇంకా ప్రణయ్ పాదాలు తడుముతూనే ఉంది.

"నీకున్నయి. వీనికి?"

రాజం నవ్వు ఆగిపోయింది. ఆ చిన్న పాదాలను చూశాడు. తర్వాత ముందుగదిలో తను గెలిచిన కప్పులు పేర్చుకున్న ఇనుప బల్లను ఖాళీ చేసి, వంటింటి గోడకు ఆనించి, హీటరును దాని మీదికెక్కించాడు. వైరు గోడకు కొట్టాడు. వంటింటి గుమ్మానికి అడ్డంగా చెక్క బిగించాడు.

రక్షణ కప్పులన్నీ ఇప్పుడు నేల మీద ఉన్నాయి. ప్రణయ్ వాటిలో కొత్తదాన్ని చీకుతున్నాడు.