పదకొండేళ్ళ జవాబులు

మా ఆయన కుట్టుమిషన్లు బాగుచేస్తారు. చేసేవారు అనాలేమో. చేతులు వణకడం మొదలయ్యాక చిన్న మరలు పట్టుకు దొరకడం లేదు. అయినా తెలివికేం వణుకు? ఒక పెద్ద కంపెనీ సైటులో పేజీ పెట్టుకుని, ఎక్కడెక్కడి టైలర్లు అడిగినా పదకొండేళ్ళు జవాబులు రాస్తూ వచ్చారు. ఆ పని ఉంది కాబట్టే మనిషి పొద్దున్నే లేచి గడ్డం గీసుకునేవారు.

ఆయనకొక పద్ధతి ఉంది. ఏ మిషను, ఏ జబ్బు అని చూడకుండా ప్రతి జవాబులో మొదటి వాక్యం ఒకటే రాస్తారు: "ముందు సూది మార్చి చూడమ్మా." సగం రోగాలు అక్కడే కుదురుతాయట. అడిగింది మగవాడైనా 'అమ్మా' అనే. ఒక మీసాలాయన నొచ్చుకున్నా మార్చలేదు. ఒకరోజు కంపెనీ కంప్యూటరు లెక్క చూసి, ఇన్ని వేలసార్లు ఒకే మాట మనిషన్నవాడు రాయడని తేల్చేసి, పేజీ మూసేసింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ముప్ఫయ్యేళ్ళుగా రోజూ "టీ చల్లారిపోతోంది" అంటున్నాను, నేనూ మనిషిని కానా? ఫిర్యాదు రాశాం. 'మీ అభిప్రాయం మాకెంతో విలువైనది' అని జవాబొచ్చింది. మళ్ళీ రాశాం. పొల్లుపోకుండా అదే జవాబు. మరి దాన్నెవరు మూసెయ్యాలి?

ఆయన మాత్రం మర్నాడు గడ్డం గీసుకోలేదు. వారం గడిచినా గీసుకోలేదు. నాకు భయం పట్టుకుని ఆడపడుచుకు ఫోన్ చేశాను.

వదిన గ్రంథాలయంలో పుస్తకాల జాబితాలు రాస్తుంది. నోరు పెద్దది, మనసూ పెద్దదే. వస్తూనే తమ్ముణ్ణి పట్టుకుంది.

"ఒరేయ్, ఇన్నేళ్ళు రాశావు, నీ దగ్గర ఒక్క కాపీ కూడా లేదా?"

"అన్నీ అక్కడే ఉన్నాయి కదక్కా."

"అక్కడంటే ఎవరింట్లో? పరాయివాళ్ళ బీరువాలో బట్టలు పెట్టి, తాళం కూడా వాళ్ళ చేతికే ఇచ్చావు."

వదినే కూర్చుని సొంతంగా ఒక సైటు పెట్టింది. తెల్ల పేజీలు, నల్ల అక్షరాలు, అంతే. ఒక జబ్బుకు ఒక పేజీ, అందులోంచి దాని చుట్టాల పేజీలకు లింకులు. ఎవరైనా లింకు ఇచ్చుకోవచ్చు, కాపీ చేసుకోవచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు అని అడుగున రాసింది. పేజీలు సరే, నింపడానికి జవాబులేవి? తెలిసిన నలుగురికీ చెప్పాం. వాళ్ళు పదిమందికి చెప్పారు. ఫోన్లలో ఫొటో తీసి దాచుకున్నవీ, నోటుబుక్కుల్లో రాసుకున్నవీ రావడం మొదలైంది. కాలర్లు కుట్టే ఒకావిడ ఒక్కతే మూడొందల జవాబులు పంపింది. రెండు నెలల్లో సుమారు సగం తిరిగొచ్చాయి.

ఒకరోజు వదిన నవ్వుతూ తన ఫోను చూపించింది. పరదాలు కుట్టే ఎవరో ఆవిడ తన సొంత పేజీలోంచి మా పేజీకి లింకు ఇచ్చి, కింద ఇలా రాసింది: "మందపు గుడ్డకు దారం తెగితే పైమర వదులు చెయ్యమన్నారు పెద్దాయన. ఈ పాత మోడలుకు అది తప్పు. కింద బాబిన్ దగ్గరి మర చూసుకోండి."

"ఎంత పొగరు" అన్నాను.

ఆయన ఆ మోడలు మిషను ముందుకు లాగారు. వేళ్ళు సహకరించక, ఆ కింది మర నన్ను తిప్పమన్నారు. తిప్పాను. నాలుగు మడతల గుడ్డ మీద కుట్టు చివరిదాకా తెగకుండా నడిచింది.

"ఆవిడే కరెక్టు" అన్నారు. "ఇన్నేళ్ళూ తప్పు చెప్పాను. అక్కా, నా పేజీలో అన్నిటికంటే పైన ఆవిడ లింకు పెట్టు. ముందు అటు వెళ్ళమని రాయి."

నాకు మింగుడుపడలేదు. కానీ ఆయన మొహం వెలిగిపోతోంది. పాత పేజీలో ఆయన్ని తప్పన్నవాళ్ళే లేరు. ఉన్నా కంపెనీ ఆ మాటల్ని ఎక్కడో అడుక్కి తోసేసి ఉంటుంది, మాకు కనబడలేదు.

ఆ వారమే కంపెనీ నుంచి మెయిలు వచ్చింది. పొరపాటు జరిగింది, పేజీ తిరిగిస్తాం, జవాబులన్నీ భద్రంగా ఉన్నాయి. షరతు ఒక్కటే: వాటిని ఇంకెక్కడా పెట్టకూడదు, బయటి పేజీలకు లింకులివ్వకూడదు. కింద 'అంగీకరిస్తున్నాను' అని నీలం బటను.

పోయిన సగమూ ఆ బటను వెనకుంది. "నొక్కెయ్యండి" అన్నాను. అవును, నేనే అన్నాను. ఆయన చేతులు వణుకుతాయని, ఆయన నోటితో చెబుతుంటే ఆ జవాబులు చాలావరకు టైపు చేసింది నేనే. అవి నావి కూడా.

"నొక్కితే మన సైటు తీసెయ్యాలి, ఆవిడ లింకూ పోతుంది. మళ్ళీ నా తప్పే అందరూ చదువుతారు."

"మరి మిగతా సగం?"

"అవి పోయాయి గానీ నేను మరిచిపోలేదుగా. మిషన్లు చెడకుండా ఉంటాయా? ఎవరో ఒకరు అడుగుతారు. అడిగితే చెప్తాను. రాయడానికి నువ్వున్నావు."

బటను నొక్కకుండానే మెయిలు తీసేశాను. ఏడుపొచ్చింది, కాసేపు ఏడ్చాను కూడా. ఆయన కంగారుపడి మంచినీళ్ళు తెచ్చి, సగం ఒలకబోసి ఇచ్చారు.

మా పేజీలో ఒక కొత్త ప్రశ్న వచ్చి ఉంది. ఎవరిదో మిషను అడుగున దారం ముద్దలు కడుతోందట. దాని జవాబు పోయిన సగంలోదే. ఆయన కళ్ళు మూసుకుని మొదట్నించీ చెప్పుకుంటూ వచ్చారు, నేను రాసుకుంటూ పోయాను.