కార్బైడ్ గారికి మర్యాద

దొరబాబు పరీక్షకి చదువుతున్న సరుకులు పుస్తకంలోంచి లేచి, చుట్టాల్లా ఒక్కొక్కటిగా ఇంటికి వస్తున్నాయి. మొదట పెట్రోలు వస్తాడు. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, గుమ్మం ముందు చెప్పులు విడిచి, వీధంతా వాసన తెలిసేలా నిలబడి, "దొరబాబు గారిల్లు ఇదేనాండి?" అని అడుగుతాడు.

"ఇదేనండి, రండి," అంటాడు దొరబాబు. అతనేమీ కంగారు పడడు. చుట్టాలొస్తారని పరీక్షల సారు నిన్ననే చెప్పి వెళ్ళాడు.

పెట్రోలు, యాసిడ్, గ్యాసు లాంటి ప్రమాదకరమైన సరుకుల ట్యాంకరు తోలాలంటే హెవీ లైసెన్సు ఒక్కటే చాలదు. ఆ సరుకుల మంచీ చెడూ తెలుసని వేరే పరీక్షలో రుజువు చేసుకోవాలి. దొరబాబు ఆ పరీక్ష ఇప్పటికే రెండుసార్లు తప్పాడు, రెండుసార్లూ ఒకే ప్రశ్న దగ్గర. నీళ్ళు తగిలితే మండే సరుకుకి నిప్పంటుకుంటే ఏం చేస్తావు? పొడి ఇసుక చల్లాలని అతని తలకి తెలుసు. నోరు మాత్రం ఠక్కున "నీళ్ళు పోస్తానండి" అనేస్తుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఎక్కడ పొగ కనబడినా బిందె పట్టుకుని పరిగెత్తిన నోరు మరి.

"నువ్వు చదివింది చాలు. ఈసారి ప్రశ్నలే మీ ఇంటికొస్తాయి," అన్నాడు సారు. "వచ్చినవాళ్ళు తృప్తిగా లేచి వెళ్తే పాసు. ఒక్కరు నొచ్చుకున్నా ఫెయిలు. ఇంకోసారి కూర్చోబెట్టేది లేదు."

"ఆయ్, అలాగేనండి," అన్నాడు దొరబాబు.

అతనిది గౌహతి లైను. లారీలో బియ్యం లోడుతో వెళ్తే నెలకి గాని మొహం కనపడదు. ఇంటికి వచ్చిన రోజు చచ్చినట్టు పడి నిద్రపోతాడు, లేచేసరికి మళ్ళీ లోడు సిద్ధంగా ఉంటుంది. భార్య చక్రవేణి మెలకువగా ఉన్న మొగుణ్ణి చూసింది తక్కువ. ట్యాంకరు పనైతే కాకినాడ పోర్టు నుంచి ఫ్యాక్టరీకే. పొద్దున్న వెళ్ళి, దీపాలు పెట్టే వేళకి ఇంట్లో ఉండొచ్చు. దొరబాబుకి ఆ పని కావాలి. ఎంత కావాలంటే, గౌహతి అన్న మాట వింటే చాలు, చెవులు మూసుకుంటాడు.

అందుకే పెట్రోలు కూర్చోకముందే అతను రాగి తీగ తెచ్చి ఒక కొస చుట్టం కాలి బొటనవేలికి, రెండో కొస పెరట్లో బోరింగు గొట్టానికి కడతాడు. దేవుడి గూట్లో దీపం తనంతట తానే కొండెక్కుతుంది. వంటింట్లో గ్యాసు పొయ్యి కాళ్ళు చాపుకుని లేచి, ఎవరూ చెప్పకుండానే వీధి చివరికి నడిచి వెళ్ళి ఓ గట్టు మీద కూర్చుంటుంది. చక్రవేణి ఉప్మా గిన్నె పట్టుకుని దాని వెనకే వెళ్తుంది.

"నిప్పురవ్వ పుట్టకుండా ఎర్తు పెట్టడం చాలామంది మర్చిపోతారండి," అంటాడు పెట్రోలు, మంచం మీద సర్దుకుంటూ. "మర్చిపోయాక ఇక గుర్తు చేసుకోవడానికి ఎవరూ మిగలరండి."

ప్రహరీ గోడ మీద కూర్చున్న పరీక్షల సారు తలాడిస్తాడు. ఆయన ఎప్పుడొచ్చాడో తెలియదు. గాలి ఎటు నుంచి వీస్తోందో అటువైపు గోడే చూసుకుని మరీ కూర్చున్నాడు.

తర్వాత క్లోరినూ అమ్మోనియా వస్తారు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు కాబట్టి వేరువేరు ఆటోల్లో వస్తారు. నిమ్మపండు రంగు చీర కట్టిన క్లోరిన్ కుర్చీ వేస్తే వద్దని నేల మీదే చతికిలబడుతుంది. ఆవిడ మాటలు మంచాల కింద నుంచి, గడపల మీద నుంచి పాకుతూ వెళ్తాయి. అమ్మోనియా నిలబడలేక నిలబడలేక తేలికగా లేచి, అటక మీద ఊరగాయ జాడీల మధ్య ఒదిగి కూర్చుంటుంది. ఆవిడ పెళ్ళిళ్ళ కబుర్లు చెప్పినా ఇంటిల్లిపాదికీ కళ్ళ నీళ్ళు ధారలు కడతాయి.

"ఈవిడకేం కట్టం ఒచ్చిందో పాపం," అంటూ దొరబాబు తల్లి నూకరత్నం ముక్కు చీదుకుంటుంది.

చక్రవేణి పైట కొంగు గాలిలోకి ఎత్తి చూస్తుంది. "ఏవండీ, గాలి మారిందండి."

దొరబాబు గుంజ పట్టుకుని ఒక్క తోపు తోస్తాడు. ఇల్లు మెల్లగా తిరిగి, గాలి క్లోరిన్ మీద నుంచి వీధిలోకి పోయేలా సర్దుకుంటుంది. పక్కింటావిడ గోడ మీద నుంచి తొంగిచూసి, మీ గుమ్మం మా దొడ్డివైపుకొచ్చిందేంటమ్మా అని అడుగుతుంది. చుట్టాలొచ్చారండి, అంటుంది చక్రవేణి. ఎన్నాళ్ళుంటారేంటి, అని అడిగి ఆవిడ బట్టలు ఆరేసుకోవడానికి వెళ్ళిపోతుంది.

ఇక్కడ నూకరత్నం గురించి ఒక సంగతి చెప్పాలి. గుమ్మం తొక్కిన మనిషిని మంచినీళ్ళివ్వకుండా ఆవిడ ఏనాడూ పంపలేదు. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడికిచ్చింది. ఓట్లకొచ్చిన అన్ని పార్టీల వాళ్ళకీ ఇచ్చింది. తగువుకొచ్చిన ఆడపడుచుకి కూడా, ముందు నీళ్ళు తాగి తర్వాత తిట్టమని ఇచ్చింది. ఇవాళ ఆవిడ కుడిచెయ్యి మణికట్టు దగ్గర నుంచి ఇత్తడి గ్లాసుగా మారి ఉంది. కొత్త మొహం కనబడగానే అది దానంతట అదే నిండుతుంది. ఇంట్లో ఎవరూ ఆ విషయం ఎత్తరు. పెట్రోలు నీళ్ళు పుచ్చుకుని, వాటి మీద కాసేపు తేలి, బాగున్నాయంటాడు. అమ్మోనియా మళ్ళీ మళ్ళీ పోయించుకుని తాగి, ఏడిపించడం కొంచెం తగ్గిస్తుంది.

ఎండ బాగా ముదిరాక కార్బైడ్ వస్తాడు.

బూడిదరంగు మనిషి. ఒళ్ళంతా గరుకు. రేకు డ్రమ్ము ఒకటి చంకలో పెట్టుకుని, దాని మూతని గొడుగులా నెత్తిన పట్టుకుని వస్తాడు. దగ్గరికొస్తే వెల్లుల్లి వాసన. ఛాతీ మీద నీలంరంగు డైమండు బిళ్ళ, అందులో మంట గుర్తు. అంత ఎండలోనూ ఒంటి మీద చెమట చుక్క లేదు. మామిడికాయల్ని దొంగచాటుగా పండబెట్టడానికి తనని వాడుకున్నవాళ్ళ గురించి ఆయన మాట్లాడడు. పెద్దమనిషి.

గోడ మీద సారు ముందుకు వంగుతాడు. దొరబాబుకి అర్థమవుతుంది. తను రెండుసార్లు తప్పిన ప్రశ్న ఇదిగో, చెప్పులు విడుస్తోంది.

"చాలా దూరం నుంచి వస్తున్నాను. దాహంగా ఉంది," అంటాడు కార్బైడ్. "అయితే నాకు నీళ్ళు పడవు. ప్రతి ఇంట్లోనూ ఇదే ఇబ్బంది. ఇస్తే ఆ ఇల్లు పోతుంది. ఇవ్వకపోతే నా పరువు పోతుంది."

వెనక గది నుంచి నూకరత్నం వస్తోంది. గ్లాసు అంచుదాకా నిండి తొణుకుతోంది.

"అమ్మా, ఆగు," అంటాడు దొరబాబు.

"ఆగడమేంట్రా? ఎండన పడి ఒచ్చిన మనిసికి గుక్కెడు నీళ్ళివ్వద్దంటావా? నువ్వు నా కడుపున పుట్టినోడివేనా?"

తల్లిని అనడానికేముంది, దొరబాబు నోట్లోనూ "మంచినీళ్ళు పుచ్చుకోండి" అన్న మాట అప్పుడే ఊరుతోంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. మాట వేళ్ళ సందుల్లోంచి కారి, చుక్కలు చుక్కలుగా గచ్చు మీద పడుతుంది. చుక్క పడ్డచోటల్లా కార్బైడ్ పాదాలు సుయ్యిమని అంటాయి. పెట్రోలు మంచం మీద నుంచి భయంగా ఇటే చూస్తాడు.

అందరూ తన నుంచి అంతంత దూరం జరగడం చూసి కార్బైడ్ మొహం చిన్నబోతుంది. డ్రమ్ము చంకన పెట్టుకుంటాడు. "పర్వాలేదండి. నాకలవాటే."

గోడ మీద సారు ఒక కాలు కిందికి దించుతాడు.

ఆ కాలు నేలకి తగిలితే మళ్ళీ గౌహతే. దొరబాబు నోట్లో ఉన్న మాటని గుటక వేసి మింగేస్తాడు. అది చల్లగా, బరువుగా పొట్టలోకి దిగిపోతుంది. తల్లి దగ్గరికి వెళ్ళి ఆవిడ చేతిని మెల్లగా పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్తాడు. నీళ్ళు అరటిచెట్టు మొదట్లో పోస్తాడు. భుజం మీది తువ్వాలుతో గ్లాసు లోపల తుడుస్తాడు, మళ్ళీ తుడుస్తాడు, బయటా అడుగూ తుడిచి ఎండకి చూపిస్తాడు. స్నానాలగది గోడ కోసం తోలించిన ఇసుక గుట్ట పక్కనే ఉంది. దొరబాబు వంగి గ్లాసుతో ముంచబోతాడు.

"ఏవండీ," అంటుంది చక్రవేణి వెనక నుంచి, గొంతు పెంచకుండా. "గుట్టలోది వద్దు. అడుగున తడుంటది."

ఎప్పుడు చేసిందో, పిండి జల్లెడతో జల్లించిన ఇసుక చేట నిండా ఎండలో ఆరబోసి ఉంచింది. వేలు పెడితే చురుక్కుమంటుంది. అతను గ్లాసు అందులో ముంచి ఆమె మొహంలోకి చూస్తాడు. ఆమెకి ఈ పరీక్ష తనకంటే ఎక్కువ కావాలని అతనికి అప్పటిదాకా తెలియదు.

ఇసుకతో నిండిన తన చేతిని చూసుకుని నూకరత్నం బిత్తరపోతుంది. "చుట్టం నోట్లో మన్ను కొట్టమంటావేంట్రా, నాన్నా?"

"ఆయనకి మంచినీళ్ళంటే ఇయ్యేనమ్మా."

ఆవిడకి న్యాయంగానే తోస్తుంది. షుగరున్నవాళ్ళకి పంచదార లేని కాఫీ ఇవ్వడం లేదా ఏమిటి. గుమ్మం దాటబోతున్న కార్బైడ్ ఎదురుగా నిలబడి, కొంగు నిండుగా కప్పుకుని చెయ్యి చాపుతుంది.

"దాహం పుచ్చుకోండి, బాబూ."

కార్బైడ్ గ్లాసులోకి చూస్తాడు. నూకరత్నం మొహంలోకి చూస్తాడు. తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని తాగుతాడు. గొంతులోంచి ఇసుక జారుతున్న చప్పుడు ఇల్లంతా వినపడుతుంది.

"ఇంకాస్త పొయ్యమంటారా?" అంటుంది నూకరత్నం.

"ఉంటే ఇప్పించండి. ఒక ఇంట్లో కూర్చుని దాహం తీర్చుకోవడం ఇదే మొదలు."

ఉందా అంటే, చేటెడు ఉంది. ఆవిడ పోస్తూనే ఉంటుంది, ఆయన తాగుతూనే ఉంటాడు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ సంతోషంగా ఉన్నారో చెప్పడం కష్టం.

చుట్టాలు ఒకరి తర్వాత ఒకరు సెలవు తీసుకుంటారు. సారు గోడ దిగి, ప్యాంటు దులుపుకుని, దొరబాబు చేతిలో తాళం పెడతాడు.

"పాసు. బండి వీధి మొగలో ఉంది. లోడు కూడా ఎక్కించే ఉంది."

ట్యాంకరు కొత్తది. వెనకవైపు డైమండు బిళ్ళ ఉంది గాని, దాని రంగు పుస్తకంలో ఎక్కడా లేదు. దొరబాబు నిచ్చెనెక్కి పైమూత తెరుస్తాడు. లోపల నిండా సాయంత్రం ఉంది. ఎవరింట్లోనో పోపు వేగుతున్న వాసన, గూళ్ళకి చేరుతున్న కాకుల గోల, తడిపిన వాకిలి చల్లదనం అంచుదాకా ఉన్నాయి.

"నువ్వు గౌహతి దారిలో ఉన్నప్పుడు ఇక్కడ మిగిలిపోయిన సాయంత్రాలివి," అంటాడు సారు కింద నుంచి. "పారబోయడానికి రూలు ఒప్పుకోదు. లీకైతే ఏం చేస్తావు?"

ఇది పుస్తకంలో లేని ప్రశ్న. అయినా దొరబాబు తడుముకోడు.

"ఎవర్నీ దూరంగా పంపనండి. అరుగు మీద కూకుంటామండి."

అతను దిగి వాల్వు తిప్పుతాడు. కాకినాడంతా మిట్టమధ్యాహ్నం మండిపోతూ ఉంటే, ఆ ఒక్క వీధిలో చీకటి పడే వేళ చీలమండల దాకా, మోకాళ్ళ దాకా నిండుతుంది. ఆడవాళ్ళు ప్లాస్టిక్ బిందెలు పట్టుకుని పరిగెత్తుకొస్తారు. అందరికంటే ముందు చక్రవేణి నిలబడి ఉంది, కుచ్చెళ్ళు ఎగదోపుకుని.

"వాల్వు ఇంకొంచెం తిప్పండి, ఏవండీ. మనకి తొందరేం లేదుగా."

బిందె నిండుతుంది. ఆమె దాన్ని చంకనెత్తుకుని ఇంటివైపు నడుస్తూ ఉండగా, బిందె లోపల ఎవరో వీధి లైట్లు వేస్తారు.