సాక్షి ముందే చూసేసిన సంతకం

క్లైవ్ బంతుల క్లబ్బుకి వేసుకుపోయే తెల్ల ప్యాంటుకి మడత తీస్తోంది గ్వెండా. ఇస్త్రీపెట్టె ఇంకా దాని మీద ఉండగానే అతనొచ్చి బల్ల అంచున ఒక కాగితం పెట్టాడు.

"ఇక్కడో సంతకం గీకు గ్వెన్. లాయరమ్మ పంపింది. బ్యాంకువాళ్ల తంతులే."

ఇస్త్రీపెట్టె పక్కన నిలబెట్టి కాగితం తీసుకుంది.

"చదవడానికేముందే అందులో! టపా వేళ అయిపోతోంది."

చదివింది. 'సదరు ఫ్లాటులో ఉంటున్న వ్యక్తి' అని ఉంది. ఆ వ్యక్తి తనే. ఈ ఇంటి మీద తనకేమన్నా హక్కంటూ ఉంటే అది బ్యాంకు తర్వాతేనట, బ్యాంకు ఖాళీ చెయ్యమంటే మారుమాట లేకుండా ఖాళీ చేస్తుందట. భార్య అన్న మాట ఎక్కడా లేదు. ముందుగదిలో అద్దెకుండేవాడైనా, నాల్రోజులుండి పోదామని వచ్చి తిష్ఠ వేసిన మేనల్లుడైనా ఇదే కాగితం మీద సంతకం పెట్టాలి. ఇరవై మూడేళ్ల కాపురానికి బ్యాంకువాడు పెట్టిన పేరు అది.

ఈ ఇంగ్లండు సముద్రపు ఊరు హేస్టింగ్స్‌లో ఇలాంటి పాత మేడలో ఫ్లాటు కొనడమంటే గోడలు కొనడం కాదు, లీజులో రాసిన ఏళ్లు కొనడం. నేల ఇంకెవడిదో. ఏళ్లు అయిపోతే గోడలూ వాడివే. మిగిలినవి ఎనభై కంటే తగ్గాయంటే పొడిగింపు ధర మనిషికి అందనంత పెరుగుతుంది. ఇదంతా అప్పట్లో క్లైవ్‌కి తెలీదు. కింది అంతస్తు ముసలావిడ ఇల్లు అమ్మబోతే కొనేవాళ్లు దొరక్క ఏడుస్తున్నప్పుడు, ఆవిడ పక్కన కూర్చుని గ్వెండానే తెలుసుకుంది. పైకొచ్చి తమ లీజు తీసి చూసింది. ఎనభై ఏళ్లా పదకొండు నెలలు.

ఏళ్లు పొడిగించమని నేల ఆసామికి నోటీసూ, ఆ తర్వాతి ఉత్తరాలూ అన్నీ తనే రాసింది. కింద సంతకం క్లైవ్‌ది. వెలకట్టే మనిషి వస్తాడంటే బడి వంటింట్లో ఆ పూట జీతం వదులుకుని సెలవు పెట్టింది, కిటికీ చెక్కల నల్లబూజు గీకింది, అతనికి టీ ఇచ్చింది. పోతూ పోతూ అతను, "ఇల్లు చక్కగా ఉంచుకున్నారని మీవారికి చెప్పండి," అన్నాడు. మీవారు ఆ వేళకి పచ్చికలో బంతులు దొర్లిస్తున్నారు. ధర తేలాక క్లబ్బులో అందరికీ పానీయాలు పోయించి, "ఆ నేల ఆసామి పీక పట్టుకున్నాను," అని చెప్పుకున్నాడు. అదీ ఆమె వింది, గ్లాసులు అందిస్తూ. ఆ ధర కట్టడానికే ఇప్పుడీ బ్యాంకు అప్పు.

తన పేరు కూడా లీజులో వేయమని రెండుసార్లు అడిగింది. మొదటిసారి అత్తగారు బతికుంది. "నా డబ్బుతో కొన్నది అమ్మాయ్, నా కొడుకు పేరు చాల్లే," అంది. పోయిన చలికాలం మళ్లీ అడిగితే క్లైవ్ నవ్వి, "ఎందుకే, పేరు లేదని పోస్టువాడు నీ ఉత్తరాలు వీధిలో పారేస్తున్నాడా?" అన్నాడు. అప్పుడు తనూ నవ్వింది. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కాగితం అడుగుకి వచ్చింది. తన సంతకం చోటు ఖాళీగా ఉంది. దాని కింద సాక్షి గడిలో మాత్రం నీలం సిరాతో ఒక సంతకం మెరుస్తోంది. రెజినాల్డ్ పిమ్. క్లైవ్ క్లబ్బు జతగాడు. 'ఈమె నా ఎదుట సంతకం చేసినది' అని దాని పైన అచ్చేసి ఉంది.

"ఇదేంటి క్లైవ్?"

"మళ్లీ వాడి ఇంటిదాకా ఎవరు పోతారని నిన్ననే పెట్టించేశా. ఎలాగూ పెడతావుగా!"

ఎలాగూ పెడుతుంది. ఆమె చెయ్యి కలం పట్టకముందే ఆమె సంతకం చూసేశాడు ఒకడు. ఇరవై మూడేళ్లుగా ఈ ఇంట్లో జరిగిందే అది. ఆమె తలూపడం ఆమెకంటే ముందు మిగతావాళ్లందరూ చూసేవాళ్లు.

ప్యాంటు ఇస్త్రీబల్ల మీంచి తీసి కుర్చీ మీద పడేసింది. సగమే అయింది.

"నేను పెట్టను."

"ఏంటీ?"

"కొత్త లీజులో నా పేరు పడాలి. పడితే బ్యాంకువాడి అప్పులో కూడా నీ పక్కన నిలబడతాను. ఉంటున్న వ్యక్తిగా పెట్టను."

"నీకేమన్నా పిచ్చెక్కిందా? నెలాఖరుకి డబ్బు కట్టకపోతే మన నోటీసు చచ్చినట్టే! మళ్లీ ఏడాది దాకా అడగటానికి లేదు. అప్పటికి ఎనభై లోపు పడిపోతాం, తెలుసా?"

"తెలుసు. నీకు చెప్పింది నేనే."

అతను మంచి మాటలకి దిగాడు. "చూడు బంగారం, ముందు ఇది కానీ. నీ పేరు సంగతి తర్వాత తీరిగ్గా..."

"తీరిక ఇంకో పద్నాలుగు రోజులుంది."

సముద్రపు కాకి ఒకటి కిటికీ గట్టు మీద వాలి, లోపలికి చూసి పోయింది. క్లైవ్ మొహం ఎర్రబడి, తర్వాత పాలిపోయింది. పోరు పెడితే ఈ పద్నాలుగు రోజులూ కరిగిపోతాయని అతనికిప్పుడు అర్థమైంది.

"సరే, ఆ లాయరమ్మతో మాట్లాడాలి. నంబరెంత?"

"కాగితం పైనే ఉంది. చదువు."

క్లైవ్ చొక్కా జేబు తడుముకున్నాడు, ప్యాంటు జేబులు తడుముకున్నాడు. కళ్లద్దాల కోసం అలవాటుగా ఆమె వైపు చూశాడు. అవెక్కడున్నాయో గ్వెండాకి తెలుసు. పక్క కుర్చీలో కూర్చుని కాళ్లు చాపుకుంది.