పొద్దుగూకేలోగా పదోమనిషి

అరవై మూడేళ్ళు వచ్చాక అక్షరాలు దిద్దుకోవాల్సిన రాత పట్టింది ఫ్రీడాకి. తండ్రి ఏబ్ పోయేముందు ఆమె చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగాడు: "ఏడాది తిరిగిన రోజున నా పేరున కద్దిష్ ప్రార్థన చదువు తల్లీ. ఒక్కసారి చాలు." యూదుల గుడి, సినగాగు, గడప తొక్కని మనిషికి హీబ్రూ ఎవరు నేర్పుతారు? కెనడాలోని విన్నిపెగ్‌లో, పళ్ళ డాక్టరు క్లినిక్ పైఅంతస్తులో ఉన్న ఈ పెద్దల బడి నేర్పింది. ఇక్కడికి ఏ శాఖ యూదులైనా రావచ్చు, ఏ శాఖా లేనివాళ్ళూ రావచ్చు. ఎవరి పద్ధతి వారిది.

ఆ డిసెంబరు మంగళవారం మూడున్నరకి ఆమె పంతులమ్మ నవోమితో గొప్పగా చెప్పింది: "ఇవాళే నాన్న రోజు. రాత్రి ఏడింటికి పదిహేనుమందిని పిలిచాను."

నవోమి ముఖం పాలిపోయింది. "ఏడింటికా? అయ్యో, ఫ్రీడా! మన యూదుల లెక్కలో రోజు సాయంత్రంతో మొదలై సాయంత్రంతో పోతుంది. నిన్న పొద్దుగూకగానే వచ్చేసింది. ఇవాళ నాలుగూ ఇరవై ఎనిమిదికి సూర్యుడు దిగితే అయిపోయినట్టే."

మొదటి వారంలో చెప్పిన ముక్క! ఏడాది చదివి ఏం లాభం? ఫ్రీడాకి తన చెంప తనే వాయించుకోవాలనిపించింది.

కద్దిష్‌కి పదిమంది ఉండాలి. ఫోన్లు చేసింది. ఒకరు ఆఫీసులో ఉన్నారు, ఇంకొకరి కారు మంచులో కూరుకుపోయింది. నాలుగు దాటింది. క్లాసులో ఆడా మగా అంతా కలిపితే, తనతో, నవోమితో సహా తొమ్మిది. ఇక మిగిలింది పక్కగదిలో పుస్తకంలో తల దూర్చిన మెండల్ ఒరెన్‌స్టీన్. ఎనభై ఏళ్ళ నిష్ఠాపరుడు.

"మెండల్ గారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను, రండి."

"ఆడవాళ్ళని పదిమందిలో లెక్కేసే చోట నేను కలవనమ్మా. నా పద్ధతి నీకు తెలుసుగా."

"తెలుసు! మీ పద్ధతి చల్లగా ఉండనీయండి. మా నాన్న అడిగింది ఒక్కసారి. ఆ ఒక్కసారీ నా బుర్రతక్కువతనానికి పోతోంది!"

ఆయన పేజీ తిప్పాడు.

"మీకూ కూతురుంది కదండీ," అంది ఫ్రీడా. తిరిగి వచ్చేసింది.

నాలుగూ ఇరవై రెండు. ఎదుటి కప్పుల మీద ఎండ ఎర్రబడింది. నవోమి ఆమె భుజం పట్టుకుని, "తొమ్మిదిమందిమైనా సరే, చదువు," అంది. అది చెల్లదని ఇద్దరికీ తెలుసు. ఫ్రీడా ఏడుస్తూనే మొదలుపెట్టింది. మొదటి వాక్యంలోనే రెండుసార్లు తడబడింది. అక్షరాలు కన్నీళ్ళలో అలుక్కుపోయాయి.

"ఆమేన్!"

అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా, గుమ్మం దగ్గర్నుంచి వినిపించిందా మాట. మెండల్ కోటు తొడుక్కుని గోడకి ఆనుకుని ఉన్నాడు. పదిమంది లెక్క కుదిరితే తప్ప కద్దిష్‌కి ఆమేన్ అనని మనిషి. ఫ్రీడా నోరు తెరిచి ఆయన్నే చూస్తూ ఉండిపోయింది.

"నన్ను చూస్తావేంటమ్మాయ్?" అని కసిరాడు. "పొద్దుగూకుతోంది, చదువు!"