గాలి తగిలే దాకా

నీలిమందు తొట్టిలోంచి పైకి తీసిన గుడ్డ ముందు ఆకుపచ్చగా ఉంటుంది.

గాలి తగిలితేనే నీలం.

ఆ వీధిలో పుట్టినవాళ్ళెవరికీ ఇది వింత కాదు. అక్కడే పుట్టిన అతనికి మాత్రం, యాభై ఏళ్ళు వచ్చినా... వింతే.

అద్దకాల వీధి. పులిసిన వాసన ముక్కుకు కాదు, గొంతుకు తగులుతుంది.

పదహారేళ్ళు నిండితే అందరి ముందూ కుడిచెయ్యి మోచేతి దాకా తొట్టిలో ముంచాలి. ఎడమచెయ్యి పెద్దవాళ్ళొకరు పట్టుకుంటారు. ఎవరు పట్టుకుంటే వాళ్ళ ఇల్లే ఇక ఇల్లు, వాళ్ళ తొట్టే బతుకు. పట్టుకునే చెయ్యి కూడా ఒకనాడు మునిగినదై ఉండాలి.

అతనిది మునగలేదు.

ఆ వయసులో కాలేజీకి పారిపోయాడు. తరువాత ఈ తంతు మీద ఒక వ్యాసం రాశాడు. పశువుకు వాత పెట్టినట్టు, అని రాశాడు. ఆ పత్రిక వీధికి చేరింది.

వీధి మరిచిపోలేదు.

ఈ రోజు అతని కూతురి వంతు.

"రావయ్యా, తెల్లచెయ్యీ! కలం కాగితం తెచ్చుకున్నావా, మళ్ళీ మమ్మల్ని రాయడానికి?" అన్నాడు తొట్టి మేస్త్రీ.

నవ్వారు. ఆ నవ్వుల్లో పళ్ళే ఎక్కువ.

అతను ఆ నవ్వులను అసహ్యించుకున్నాడు. తొట్టిని, నురగను, మెడలు చాచి చూస్తున్న మనుషులను అసహ్యించుకున్నాడు.

గోడకు కొత్త సున్నం. మునిగిన ప్రతి చెయ్యీ అక్కడ వేసిన పాత అరచేతి ముద్రలన్నీ దాని కింద పోయాయి.

ఒక్కటి తప్ప.

చిటికెనవేలు కొంచెం వంకర. చనిపోయిన తన భార్యది. సున్నం వేసినవాడెవరో దాని చుట్టూ కుంచె తిప్పి, దాన్ని వదిలేశాడు. ఎవరని అడగాలనిపించలేదు. అడిగితే ఎవరూ ఒప్పుకోరు.

ఆమె ఉంటే ఈ రోజు కూతురిని ఆ చెయ్యే పట్టుకునేది.

పొద్దున కూతురు అంది. "నాకు మునగాలని ఉంది నాన్నా. నిన్ను వదలాలని లేదు."

అతని అక్క ముందుకొచ్చింది. మోచేతుల దాకా నీలం. "నేను పట్టుకుంటాను. నా తొట్టికి మనిషి కావాలి."

అతను చొక్కా చేతి గుండీ విప్పాడు. "అయితే ముందు నేనే మునుగుతాను."

"పదహారు దాటిన చేతికి తొట్టి లేదురా. ఊరికే అడ్డం నిలబడితే కూతురు నీదైపోతుందా? జరుగు," అంది అక్క.

అతను జరిగాడు.

అక్క పట్టుకుంది. పిల్ల ముంచింది. కళ్ళు మూసుకుంది. తెరిచింది.

చెయ్యి పైకొచ్చింది — ఆకుపచ్చగా, లేత ఆకులా, కారుతూ.

అంతే. మేనత్త పట్టు విదిలించుకుని, ఆ తడిచేత్తోనే తండ్రి మణికట్టు పట్టుకుంది.

ఎవరూ నవ్వలేదు.

"ఇదెక్కడి పద్ధతే!" అంది మేనత్త. మేస్త్రీ నోరు తెరిచాడు. చెప్పడానికి అతని దగ్గర కూడా ఏ పద్ధతీ లేదు.

అక్క నీళ్ళ చెంబు తమ్ముడి ముందు పెట్టింది. "కడిగెయ్. గాలి తగలకముందే అయితే పోతుంది."

మణికట్టు మీద ఐదు వేళ్ళు. వాత — తను రాసిన మాటే. చిటికెనవేలి ముద్ర కొంచెం వంకర.

చెంబు అక్కడే ఉంది.

వీధి చివర, ఆరేసిన గుడ్డలు గాలికి ఒక్కొక్కటే కదులుతున్నాయి...

అతని చెయ్యి ఇంకా ఆకుపచ్చగానే ఉంది.