కురిడీలకు సడలింపు లేదు

మా నాన్న జగన్నాథం గారిని ఏమన్నా పడతారు గానీ, ఆయన సరుకును తక్కువ చేసి మాట్లాడితే మాత్రం ఒళ్ళు మండిపోతుంది. తాడేపల్లిగూడెంలో మాది కురిడీల హోల్‌సేల్ వ్యాపారం. కురిడీ అంటే తెలియని వాళ్ళు కూడా ఈ రోజుల్లో ఉన్నారు కనుక చెబుతున్నాను. పెంకు లోపలే నీళ్ళు ఇగిరిపోయి, కొబ్బరి మొత్తం ఎండి గుండులా విడిపోయిన కాయ. కోనసీమ నుంచి లారీల్లో మా గోడౌన్‌కి వస్తుంది, ఇక్కడి నుంచి ఎక్కడెక్కడికో వెళ్తుంది. ఆ గోడౌన్‌లోనే, బస్తాల పక్కన మంచం వేసుకుని, నాన్న రోజూ మధ్యాహ్నం కునుకు తీస్తారు. అలాంటి మనిషికి కురిడీ ప్రమాదకరమైన వస్తువని చెబితే ఎక్కుతుందా? నాకూ ఎక్కలేదు. కానీ మన నమ్మకాలతో విమానాలు ఎగరవు.

బెంగుళూరులో మా మేనత్త పరమేశ్వరి చిన్న కూతురు సాహితికి తాంబూలాలు. మా ఇళ్ళలో మేనమామ వచ్చి పీట మీద కూర్చుని, పిల్ల ఒడిలో రెండు కురిడీలు పెట్టాకే మిగతా తంతు మొదలవుతుంది. పెద్దమ్మాయి హిమజ తాంబూలాలకి నాన్న వెళ్ళలేదు. కార్తీకమాసం, గిరాకీ రోజులు, కొట్టు వదిలి ఎలా రానని, కాయలు మాత్రం ఏరి ఏరి ట్రావెల్స్ బస్సులో పంపించారు. కాయలు అందాయని అత్త ఫోన్ చేసింది. ఆ తర్వాత నాలుగేళ్ళు మళ్ళీ చెయ్యలేదు.

ఈసారి కూడా ఆయనకు చెయ్యలేదు, నాకు చేసింది. "ఒరేయ్ విజయ్, మీ నాన్నకి చెప్పు. వస్తే సంతోషం" అంది. రాకపోతే ఏమిటన్నది చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. ఈ శుభకార్యానికి కూడా వెళ్ళకపోతే ఆ ఇంటి గడప ఇక తొక్కనవసరం లేదని నాన్నకు తెలుసు. మర్నాడే కొట్టు తాళాలు గుమాస్తా పాపారావు చేతిలో పెట్టి, విమానం టిక్కెట్లు తియ్యమన్నారు.

తెల్లవారుతూనే కారులో బయలుదేరాం. ఏలూరు దాటేదాకా చేపల చెరువుల మంచు రోడ్డును కప్పేసి ఉంది. నాన్న రెండు కురిడీలున్న గుడ్డసంచీని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. వాటికి పసుపు రాసి, బొట్టు పెట్టింది మా అమ్మ. ఆవిడ మోకాళ్ళ నొప్పుల వల్ల రాలేదు గానీ, తన వంతుగా మాగాయ సీసా ఒకటి నా చేతికిచ్చింది.

విమానాశ్రయంలో మొదటి గొడవ మాగాయతోనే. పోయిన ప్రయాణంలో పచ్చడి చేతిసంచీలో ఉండకూడదని పెట్టెలో వేయించారు. ఆ బుద్ధితో ఈసారి పెట్టెలోనే పెట్టాను. కౌంటర్ దగ్గర కుర్రాడు, "నూనె కారుద్దండీ, చేత్తో పట్టుకెళ్ళండి" అన్నాడు. చేత్తో పట్టుకెళ్తే తనిఖీ దగ్గర తీసేస్తారేమో అన్నాను. "అది వాళ్ళ సెక్షనండీ" అన్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అమ్మ మాగాయ మా కారు డ్రైవరు ఇంటికి వెళ్ళింది. అతను చాలా వినయంగా తీసుకున్నాడు.

ఆ కుర్రాడే గుడ్డసంచీలోకి తొంగి చూసి, ఎండు కొబ్బరి పెట్టెలో వేయకూడదన్నాడు.

"మొన్న వేసవిలో వేశానండీ. ఇదే కౌంటరు" అన్నాను.

"అప్పటి రూల్ వేరండీ."

నాన్న అంతవరకూ ఓపిగ్గా నిలబడ్డారు. "యార్డులో ధాన్యం రేటు పూటకోసారి మారుద్ది బాబూ. మారితే బోర్డు మీద రాస్తారు. మీరు రాయరేంటండీ?" అని అడిగారు.

కుర్రాడు వెనకనున్న బోర్డు చూపించాడు. దాని మీద కత్తెర, తుపాకీ, లైటరు బొమ్మలున్నాయి. కొబ్బరికాయ బొమ్మ లేదు. నాన్న ఆ బోర్డునంతా శ్రద్ధగా చదివి, సంచీ భుజాన వేసుకున్నారు.

తనిఖీ దగ్గర మాత్రం అదృష్టం మా వైపే ఉన్నట్టు కనిపించింది. స్కానింగ్ తెర ముందున్న ఉద్యోగిని పేరు వీరదుర్గ అని చొక్కా మీద రాసి ఉంది. మాట మన వైపుదే.

"బాబాయి గారూ, సంచీలో ఏంటండీ?"

"కాయలమ్మా. మేనకోడలి తాంబూలాలకి."

ఆమె మొహం మెత్తబడింది. "శబరిమల వెళ్ళే స్వాముల కోసం కొబ్బరికాయలకి ఇప్పుడు సడలింపు ఇచ్చారండీ. మీది యాత్ర కాదనుకోండి, కానీ శుభకార్యం కదా. మా సార్‌ని అడిగి చూస్తాను. మామూలు కొబ్బరికాయలేగదండీ?"

"ఆ, మామూలువేనండీ" అన్నాను నేను, నాన్న నోరు విప్పేలోపే.

సార్ వచ్చాడు. ఉత్తరాది మనిషి. కాయ చేతిలోకి తీసుకుని, తేలిగ్గా ఉండటం చూసి, హిందీలో ఏదో అని నవ్వాడు. వీరదుర్గ కూడా నవ్వుతూ మాకు తెలుగులో చెప్పింది. "నీళ్ళు కూడా లేవు, పాడైపోయిన కాయలు, పోనీ తీసుకెళ్ళమనండి అంటున్నారండీ."

అంతటితో అయిపోవాలి. సంచీ అందుకుని నాలుగడుగులు వేస్తే విమానం. నేను నాన్న మోచేయి గట్టిగా పట్టుకున్నాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా నాన్న నోరు మంచిదే, అది ఊరుకోకపోవడం దగ్గరే వచ్చింది చిక్కంతా.

"పాడైపోయిన కాయలా?" అన్నారు నాన్న. కోపంగా కాదు, బాధగా అన్నారు. "చూడమ్మా, నేను మేనకోడలికి పాడైన కాయలు పట్టుకెళ్తానా? ఇవి కురిడీలు. ఏడాది దాకా కదపకుండా ఎండబెట్టినవి. మా గోడౌన్ మొత్తం వెతికి తీశాను. నీళ్ళు లేవంటే అది వీటి గొప్పమ్మా, అంతా నూనే. ఒక చిప్ప అంటించి చూడండి, తెల్లవార్లూ మండుద్ది. మీ సార్‌కి చెప్పమ్మా."

వీరదుర్గ చెప్పలేదు. చెప్పకుండా సంచీని మా వైపు జరపబోయింది. కానీ సార్ ఆమెనే చూస్తూ నిలబడ్డాడు, ఆ పెద్దాయన అంతసేపు ఏం చెప్పాడని అడిగాడు. ఆమెకు తప్పలేదు. ఆమె హిందీలో చెబుతుంటే సార్ నవ్వు ఆగిపోవడం నాకు కనబడుతూనే ఉంది.

"ఎండువైతే సడలింపు లేదండీ" అంది వీరదుర్గ తల దించుకుని. "ఆ డబ్బాలో వేసెయ్యాలి. లేదంటే బయటికి వెళ్ళి ఎవరికైనా ఇచ్చి రావాలండీ."

బయట ఇవ్వడానికి ఎవరూ లేరు. కారు వెళ్ళిపోయింది. నాన్న సంచీని గుండెలకు ఆనించుకుని పక్కకి జరిగారు.

"నువ్వెళ్ళరా విజయ్. నేను వీటిని తీసుకుని రైల్లో వస్తాను."

"రైలు రేపు చేరుతుంది నాన్నా. తాంబూలాలు ఈ మధ్యాహ్నం."

"ఒట్టి చేతుల్తో వెళ్ళి ఏం మొహం చూపించను?"

నాకు నిజంగా కోపం వచ్చింది. రూల్స్ మీద కొంత, ఆయన మీద చాలా. పూటకో మాట చెప్పే వాళ్ళతో వేగడమే కష్టమంటే, ఎప్పుడూ ఒకే మాట మీద నిలబడే మా నాన్నతో వేగడం అంతకన్నా కష్టం. అత్తకు ఫోన్ కలిపి, సంగతి రెండు ముక్కల్లో చెప్పి, ఆయన చేతికిచ్చాను. ఆవిడ గొంతు నాకూ వినిపిస్తూనే ఉంది.

"కాయల గురించి ఇబ్బంది పడకు అన్నయ్యా. ఇక్కడ మొన్ననే కొనిపెట్టాను."

"నేను తెస్తన్నానుగదా, ఎందుకు కొన్నావు?"

"ఏమో, వస్తావో రావో అని కొన్నాను."

నాన్న సంచీని ఇంకో చంకలోకి మార్చుకున్నారు.

"బుచ్చిబాబుకి కూడా చెప్పి ఉంచాను. మన పెదనాన్న గారి అబ్బాయి ఇక్కడే ఉన్నాడుగదా. నువ్వు రాకపోతే పీట మీద వాడు కూర్చుంటాడు. వాడూ మేనమామ వరసేగా. నువ్వు కంగారు పడి పరిగెత్తకు, పనులు ఆగవులే."

ఆవిడ గొంతులో కోపం లేదు. వంటవాళ్ళకి చెప్పాను, పూలవాళ్ళకి చెప్పాను అన్నట్టే చెప్పింది. కోపంగా అని ఉంటే బాగుండేదని నాకనిపించింది.

"బుచ్చిబాబు ఏనాడైనా ఆ పిల్లని ఎత్తుకున్నాడా?" అన్నారు నాన్న.

నాన్న ఎత్తుకుని మాత్రం ఎన్నాళ్ళయిందో లెక్క అత్తకు తెలుసు. నాన్నకూ తెలుసు.

ఫోన్ నాకిచ్చేసి ఆయన డబ్బా దగ్గరికి వెళ్ళారు. లైటర్లు, నీళ్ళసీసాలు, కత్తెరలు ఉన్నాయి దాన్లో. విసరలేదు. వంగి రెండు కాయలూ ఒకదాని పక్కన ఒకటి పెట్టారు. నాన్న చేతులు రెండూ పైకెత్తి తనిఖీకి నిలబడ్డారు.

విమానంలో కూర్చుని బెల్టు పెట్టుకున్నాక నా వైపు తిరిగారు.

"అత్తకి ఫోన్ చెయ్యరా. బుచ్చిబాబుని పీట మీద కూర్చోబెట్టొద్దని చెప్పు. నేను వస్తన్నానని చెప్పు."

"మీరే చెప్పండి నాన్నా" అని ఫోన్ ఇవ్వబోయాను.

ఆయన తీసుకోలేదు.

"నేను చెప్తే నమ్మదు" అన్నారు. "నువ్వు చెప్పు."