పన్నెండు వోల్టుల ఒట్టు

చీరాలలో రైలెక్కిన దేవదానం పెట్టెలో కాకుండా బావ వర్కుషాపులో నిలబడి ఉన్నాడు, కిటికీ బయట పొలాలు మాత్రం మామూలుగా వెనక్కి పోతూనే ఉన్నాయి, బల్ల ముందు ఏసురత్నం బావ టంకం పెడుతూ కూర్చుని ఉన్నాడు. బావ పోయి ఆర్నెల్లయిందని దేవదానానికి తెలుసు, కానీ ఆ మాట ఎత్తడం మర్యాద కాదనిపించి ఊరుకుంటాడు.

"రావయ్యా బావమరిదీ. నా సెట్టు పలికిందా?"

"ఎక్కడ బావా! స్విచ్చి వెయ్యగానే అడాప్టరు చేతులెత్తేస్తోంది. రేపు పాతసామాన్లవాడికి ఇచ్చేస్తానంటోంది అక్క. ఆయనతోనే పోయిందనుకుంటాలే అంటోంది."

ఆ సెట్టు కృపామణి అక్క కోసమే మొదలైంది. పాత రేడియోల్లో ఉండే గాజు వాల్వులతో హెడ్‌ఫోన్లలో పాటలు వినిపించే చిన్న ఆంప్లిఫయరు. వాల్వులంటే మామూలుగా వందల వోల్టులు కావాలి. ఒకసారి ఆ కరెంటే కొట్టి బావ గోడకెళ్లి పడితే, అక్క తన తల మీద చెయ్యి వేయించి, ఇక అన్ని వోల్టుల జోలికి పోనని ఒట్టు పెట్టించుకుంది. పెళ్లాం మాట జవదాటని ఆ మహానుభావుడు, పన్నెండు వోల్టులతోనే వాల్వుల్ని పలికిస్తానని కూర్చుని, సగంలో వదిలేసి వెళ్లిపోయాడు. మిగతా సగం దేవదానం నెత్తిన పడింది.

"సప్లై ఎంత లెక్కేశావు?"

"పాట మోసే కరెంటు చిటికెడే కదా బావా. తిండంతా లోపల ఎర్రగా వెలిగే ఫిలమెంట్లదే. మూడు వాల్వులు, ఒక్కోదానికి నూట యాభై మిల్లీ ఆంపులు. అందుకే అర ఆంపు అడాప్టరు పెట్టా. లెక్క సరిపోయింది."

బావ నవ్వుతాడు, ఆ నవ్వులో వర్కుషాపు కాస్తా అక్కావాళ్ల వంటింటి గడపయి, ఇద్దరూ దాని మీదే కూర్చుని ఉంటారు.

"అది వేడెక్కాక తినే లెక్కయ్యా. చల్లగా ఉన్న ఫిలమెంటు మొదట్లో ఎన్నో రెట్లు లాగుతుంది. రెండు ఆంపులది పెట్టి కాసేపు ఓపిక పట్టు, తర్వాత అదే సర్దుకుంటుంది."

దేవదానానికి బావ మీద ప్రేమ ముంచుకొస్తుంది. ఇంకాసేపు ఉండమని అడగాలనుకుంటాడు.

"మీ అక్కా అంతే," అంటాడు బావ. "లేవగానే ఓ గంట మాట్లాడే మనిషి కావాలి. ఆ తర్వాత రోజంతా తనే నెట్టుకొస్తుంది. నువ్వెంత ఇస్తున్నావు?"

రోజూ సాయంత్రం ఫోన్ చేసి తిన్నావా అని అడుగుతున్నాననీ, అది చాలనుకున్నాననీ చెప్పబోయేలోపే మెలకువ వచ్చేసింది.

తెల్లవారుతోంది. ఇంట్లో తన మంచం మీదే ఉన్నాడు, దిండు పక్కన ఫోను ఒక్కసారి మోగి ఆగింది. అక్క మిస్డ్ కాల్. ఆర్నెల్లుగా ఇదే వేళకి ఇస్తోంది, సాయంత్రం ఎలాగూ చేస్తాను కదా అని దేవదానం వదిలేసేవాడు. ఇప్పుడు వెంటనే చేశాడు.

"ఏరా, ఇంత పొద్దున్నే? ఏమైనా పనా?"

"పనేం లేదక్కా. సెట్టు ఎవరికీ ఇవ్వకు, పెద్ద అడాప్టరు తెస్తా. నువ్వేదైనా చెప్పు."

అక్క పాలవాడి సంగతితో మొదలుపెట్టింది.